ఔత్సాహిక ఖగోళ పరిశీలన: తెలుగు నేల, సింగరేణి బెల్టు

ఔత్సాహిక ఖగోళ పరిశీలన అంటే బతుకుదెరువు కోసం కాకుండా ఆసక్తి కొద్దీ ఆకాశాన్ని చూడడం, చూసింది రాసిపెట్టుకోవడం, తోటివారితో పంచుకోవడం. కంటితో చుక్కలను గుర్తుపట్టడం మొదలు సొంతంగా అద్దం అరగదీసి టెలిస్కోపు తయారుచేసుకోవడం, ఒకే నక్షత్రం వెలుగును ఏళ్ల తరబడి లెక్కగట్టడం వరకు అన్నీ దీని కిందికి వస్తాయి. తెలుగు ప్రాంతాల్లో టెలిస్కోపు పరిశీలన ప్రభుత్వ సంస్థలతో కాక వ్యక్తుల సొంత ఖర్చుతో మొదలైంది. ఈ వ్యాసం ఆ చరిత్రను, పరికరాలను, పరిశీలన పద్ధతులను వివరిస్తుంది. స్థానిక పరిస్థితులకు ఉదాహరణగా తెలంగాణలోని పెద్దపల్లి జిల్లా గోదావరిఖని–రామగుండం బొగ్గుగనుల ప్రాంతాన్ని తీసుకుంటుంది.

1. నిర్వచనం, పరిధి

వృత్తి ఖగోళ శాస్త్రజ్ఞులకు పెద్ద అబ్జర్వేటరీల్లో దొరికేది ఏడాదికి కొద్ది రాత్రులే. ఔత్సాహికుల దగ్గర ఉండేది చిన్న పరికరమే అయినా మబ్బు లేని ప్రతి రాత్రీ వారిదే. అందుకే దీర్ఘకాలం వరుసగా గమనించాల్సిన చర నక్షత్రాలు, ఉల్కాపాతాలు, తోకచుక్కలు, గ్రహాల ఉపరితల మార్పుల అధ్యయనంలో ఔత్సాహికుల నమోదులకు విలువ ఉంది. 1781లో యురేనస్ గ్రహాన్ని కనుగొన్న విలియం హెర్షెల్‌కు అప్పటి వృత్తి సంగీతం.

ఈ రంగంలో పనులు స్థూలంగా నాలుగు: పరిశీలన, చిత్రగ్రహణం, పరికరాల తయారీ, ప్రజలకు ఆకాశ దర్శనం చేయించడం. జాతక ఫలితాలు చెప్పే జ్యోతిషం దీని పరిధిలోకి రాదు. నక్షత్రాల పేర్లు మాత్రం రెండింటికీ ఉమ్మడి. (చూ. నక్షత్రాలు, పంచాంగం)

2. చరిత్ర

2.1 టెలిస్కోపుకు ముందు

తెలుగు రైతు సేద్యపు పనులను కార్తెలతో ముడిపెట్టుకున్నాడు. సూర్యుడు 27 నక్షత్రాల్లో ఒక్కోదానిలో ఉండే పదమూడు, పద్నాలుగు రోజుల కాలమే కార్తె. మే చివరి వారంలో రోహిణి కార్తె, జూన్ మొదటి వారం దాటాక మృగశిర కార్తె వస్తాయి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న సామెత ఎండ తీవ్రతను చెబుతుంది. ఏ నక్షత్రం పేరిట కార్తె నడుస్తుందో ఆ నక్షత్రం ఎక్కువగా ఆ రోజుల్లో సూర్యకాంతిలో కలిసిపోయి కనబడదు. రోహిణిని చూడాలంటే చలికాలం రావాలి.

బొగ్గు బెల్టుకు ఉత్తరాన ఆసిఫాబాద్, ఆదిలాబాద్ జిల్లాల్లోనూ పొరుగున మహారాష్ట్రలోనూ ఉండే గోండులకు తమవైన ఆకాశ కథలున్నాయి. మయాంక్ వాహియా, గణేశ్ హల్కరే మధ్య భారతంలోని గోండు గ్రామాల్లో సేకరించి 2013లో ప్రచురించిన వివరాల ప్రకారం, సప్తర్షి మండలంలోని నాలుగు చుక్కలు మంచం, వెనకనున్న మూడు చుక్కలు దాన్ని ఎత్తుకుపోవడానికి వచ్చిన దొంగలు.

2.2 విశాఖపట్నం: జగ్గారావు అబ్జర్వేటరీ

గోడే వెంకట జగ్గారావు (1817–1856) మద్రాసు అబ్జర్వేటరీలో టి.జి. టేలర్ దగ్గర శిక్షణ పొంది, 1840లో విశాఖపట్నం డాబా గార్డెన్స్‌లోని తన నివాసంలో సొంత అబ్జర్వేటరీ నెలకొల్పారు. ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు (1827–1892) డిప్యూటీ కలెక్టర్ ఉద్యోగం వదులుకుని దాని బాధ్యత తీసుకున్నారు. ఆరు అంగుళాల కుక్ టెలిస్కోపుతో 1874 డిసెంబరు 9న జరిగిన శుక్ర గ్రహ అధిక్రమణాన్ని గమనించారు. ఆ వివరాలు లండన్ రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ పత్రికలో వచ్చాయి. ఆ సంస్థ ఆయనను ఫెలోగా ఎన్నుకుంది. ఇంట్లో చేసిన పరిశీలన అంతర్జాతీయ పత్రికకు చేరడానికి కారణం అందులో సమయం, స్థలం, పరికరం వివరాలు కచ్చితంగా ఉండడమే.

2.3 1868 సంపూర్ణ సూర్యగ్రహణం

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణ మార్గం తెలుగు నేల మీదుగా సాగింది. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జూల్స్ జాన్సెన్, బ్రిటిష్ అధికారి టెనెంట్ గుంటూరులో, మద్రాసు అబ్జర్వేటరీకి చెందిన నార్మన్ పాగ్సన్ మచిలీపట్నంలో మకాం వేశారు. అదే అబ్జర్వేటరీ సహాయకుడు చింతామణి రఘునాథాచారి వనపర్తి బృందానికి నాయకత్వం వహించారు. ఆయన అంతకు ముందు ఏడాది ఆర్ రెటిక్యులీ అనే చర నక్షత్రాన్ని కనుగొన్నారు. ఆ గ్రహణంలోనూ తర్వాతి నెలల్లోనూ చేసిన సూర్య వర్ణపట పరిశీలనలు హీలియం మూలకం గుర్తింపుకు దారితీశాయి. (చూ. హీలియం, సూర్యగ్రహణం)

2.4 హైదరాబాద్: నిజామియా అబ్జర్వేటరీ

హైదరాబాద్ సంస్థానంలోనూ మొదటి అడుగు ఒక వ్యక్తిదే. ఇంగ్లండులో చదువుకున్న నవాబ్ జాఫర్ జంగ్ 15 అంగుళాల గ్రబ్ టెలిస్కోపు తెప్పించి 1901లో ఫిసల్‌బండలో నెలకొల్పారు. దానికి నిజాం పేరు పెట్టేందుకు అనుమతి కోరారు. 1907లో ఆయన మరణించాక సంస్థానం దాన్ని స్వాధీనం చేసుకుని 1908లో ఆర్థర్ చాట్‌వుడ్‌ను డైరెక్టరుగా నియమించింది. తర్వాత అబ్జర్వేటరీ బేగంపేటకు మారింది, 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది. ప్యారిస్‌లో 1887లో మొదలైన ప్రపంచ నక్షత్ర పట పథకంలో దక్షిణ ఆకాశపు ఒక పట్టీని ఛాయాచిత్రాలు తీసి కొలిచే పని ఇక్కడ జరిగింది.

వేణు బప్పు (1927–1982) తండ్రి ఈ అబ్జర్వేటరీలో పనిచేశారు. బప్పు హైదరాబాద్‌లో పెరిగి, నిజాం కాలేజీలో చదివే రోజుల్లోనే చర నక్షత్రాలను గమనించి వ్యాసాలు ప్రచురించారు. సంస్థానం ఇచ్చిన ఉపకార వేతనంతో హార్వర్డు వెళ్లి, 1949లో బార్ట్ బాక్, గోర్డన్ న్యూకిర్క్‌లతో పాటు ఒక తోకచుక్కను కనుగొన్నారు. అది బప్పు–బాక్–న్యూకిర్క్ పేరుతో నమోదైంది. తర్వాత ఆయన అంతర్జాతీయ ఖగోళ సమాఖ్యకు అధ్యక్షులయ్యారు.

2.5 1960ల తర్వాత

ఉస్మానియా విశ్వవిద్యాలయం హైదరాబాద్‌కు ఆగ్నేయంగా జపాల్–రంగాపూర్‌లో 48 అంగుళాల టెలిస్కోపుతో కొత్త అబ్జర్వేటరీ కట్టింది. 1980 ఫిబ్రవరి 16 సంపూర్ణ సూర్యగ్రహణం ఆ అబ్జర్వేటరీ మీదుగానే సాగింది. రామగుండంలో అది పాక్షికంగానే కనిపించింది. 1985 సెప్టెంబరులో హైదరాబాద్ నౌబత్ పహాడ్ మీద బిర్లా ప్లానెటేరియాన్ని ముఖ్యమంత్రి ఎన్.టి. రామారావు ప్రారంభించారు. 1988లో ఏర్పడిన జన విజ్ఞాన వేదిక, దాని పిల్లల మాసపత్రిక ‘చెకుముకి’ గ్రహణాలు, గ్రహాల గురించి జిల్లాల్లోని బడిపిల్లలకు చెప్పే పని చేస్తున్నాయి. తెలుగులో నండూరి రామమోహనరావు ‘విశ్వరూపం’, మహీధర నళినీమోహన్ ‘క్యాలెండర్ కథ’ సామాన్య పాఠకులకు ఖగోళ విషయాలను దగ్గర చేసిన పుస్తకాలు.

3. సింగరేణి బెల్టు: ఆకాశ పరిస్థితులు

3.1 ప్రాంతం

ఇల్లందు ప్రాంతంలో 1871లో విలియం కింగ్ బొగ్గును గుర్తించారు. అక్కడి బొగ్గు తవ్వకాలతో మొదలై, 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీగా పేరు మార్చుకున్న సంస్థలో ఇప్పుడు రాష్ట్ర ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉంది. గోదావరి ఒడ్డున గోదావరిఖని గనులు 1960ల నుంచి పెరిగాయి. భూగర్భ గనులతో పాటు ఓపెన్‌కాస్టులు, యైటింక్లయిన్ కాలనీ, సెంటినరీ కాలనీ వంటి కార్మిక నివాసాలు, జ్యోతినగర్‌లో 2,600 మెగావాట్ల ఎన్టీపీసీ కేంద్రం, పక్కనే తెలంగాణ సూపర్ థర్మల్ కేంద్రం, ఎరువుల కర్మాగారం, నది అవతల జైపూర్‌లో సింగరేణి సొంత విద్యుత్ కేంద్రం ఈ ప్రాంతంలో ఉన్నాయి. (చూ. సింగరేణి కాలరీస్, రామగుండం)

3.2 అక్షాంశం వల్ల కనబడేవి

గోదావరిఖని సుమారు 18.75 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ధ్రువ నక్షత్రం దిగంతానికి దాదాపు అంతే ఎత్తులో ఉంటుంది. ముఖ్యమైన నక్షత్రాలు ఇక్కడ చేరే గరిష్ఠ ఎత్తులు సుమారుగా ఇవి:

స్వాతి: నడినెత్తికి అర డిగ్రీ లోపు
రోహిణి: నడినెత్తికి 2 డిగ్రీలు దక్షిణంగా
కృత్తిక: నడినెత్తికి 5 డిగ్రీలు ఉత్తరంగా
జ్యేష్ఠ: దక్షిణాన 45 డిగ్రీలు
ఒమెగా సెంటారీ నక్షత్ర గుచ్ఛం: దక్షిణాన 24 డిగ్రీలు
అగస్త్య నక్షత్రం: దక్షిణాన 18.5 డిగ్రీలు
ఆల్ఫా సెంటారీ: దక్షిణాన 10 డిగ్రీలు
త్రిశంకులోని అడుగు చుక్క: దక్షిణాన 8 డిగ్రీలు

మే నెలాఖరున రాత్రి పది గంటల ప్రాంతంలో స్వాతి సరిగ్గా తలపైకి వస్తుంది. గ్రహాలు సూర్యుడి దారికి అటూ ఇటూ తిరుగుతాయి కాబట్టి, దక్షిణానికి బాగా జరిగినప్పుడు కూడా ఇక్కడ సుమారు 48 డిగ్రీల ఎత్తుకు చేరతాయి. ఐరోపాలో అదే గ్రహం దిగంతం మీది మసకలో ఉంటుంది. ఐరోపాలో చాలా చోట్ల కనబడని ఒమెగా సెంటారీ, అక్కడ ఎక్కడా కనబడని ఆల్ఫా సెంటారీ ఇక్కడి వేసవి రాత్రుల్లో కనబడతాయి.

కర్కాటక రేఖకు దక్షిణాన ఉండడం వల్ల ఇక్కడ ఏడాదికి రెండుసార్లు, మే 15, జులై 29 ప్రాంతాల్లో, మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన నిలిచి నీడ మాయమవుతుంది. జులై నాటిది తరచూ మబ్బుల పాలవుతుంది. హైదరాబాద్‌లో మొదటి నీడలేని రోజు మే 9 ప్రాంతంలో వస్తుంది. ఆ మధ్యాహ్నం గోదావరిఖనిలో నిలువుగా పాతిన మీటరు కర్రకు సుమారు 2.4 సెంటీమీటర్ల నీడ ఉంటుంది. ఆ నీడ నుంచి వచ్చే కోణం సుమారు 1.4 డిగ్రీలు. రెండు ఊళ్ల మధ్య ఉత్తర దక్షిణ దూరం సుమారు 150 కిలోమీటర్లు. ఈ రెండు అంకెలతో బడిపిల్లలు భూమి చుట్టుకొలత 40,000 కిలోమీటర్లకు దగ్గరగా లెక్కగట్టవచ్చు. క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో ఎరటోస్తనీస్ ఈజిప్టులో వాడిన పద్ధతి ఇదే.

3.3 వెలుతురు, ధూళి, వేడి

కాంతి కాలుష్యం ఇక్కడి ప్రధాన అడ్డంకి. మూడు షిఫ్టుల్లో పని సాగే ఓపెన్‌కాస్టుల్లో ఎత్తైన స్తంభాల ఫ్లడ్‌లైట్లు, బొగ్గు నిర్వహణ ప్లాంట్ల దీపాలు, విద్యుత్ కేంద్రాల వెలుగు రాత్రంతా ఉంటాయి. గాలిలోని బొగ్గు ధూళి, బూడిద రేణువులు ఆ వెలుగును చెదరగొట్టి ఆకాశానికి నేపథ్య కాంతిని పెంచుతాయి. దాంతో పాలపుంత, నెబ్యులాలు, గెలాక్సీల వంటి మసక వస్తువుల పరిశీలన దెబ్బతింటుంది. చంద్రుడు, గ్రహాలు, జంట నక్షత్రాలు, ప్రకాశవంతమైన చర నక్షత్రాలకు ఈ నష్టం బాగా తక్కువ.

ఆకాశపు చీకటిని కొలవడానికి జాన్ బార్టిల్ 2001లో ప్రతిపాదించిన తొమ్మిది మెట్ల కొలమానం వాడుకలో ఉంది. ఒకటో మెట్టు కటిక చీకటి, తొమ్మిదోది మహానగర నడిబొడ్డు. పట్టణం నుంచి తూర్పున మంథని, కాళేశ్వరం అడవుల వైపు వెళ్లేకొద్దీ చీకటి పెరుగుతుంది. దక్షిణపు వస్తువులు చూడాలనుకునేవారు పట్టణానికి దక్షిణంగా నిలబడితే దీపాల వెలుగు వీపు వైపు ఉండిపోతుంది. మన దేశంలో చీకటి ఆకాశ పార్కుగా తొలి గుర్తింపు 2024 జనవరిలో మహారాష్ట్రలోని పెంచ్ పులుల అభయారణ్యానికి దక్కింది.

వేసవిలో తీవ్రమైన ఎండ కాసే ఈ ప్రాంతంలో డాబాలు రాత్రి పొద్దుపోయేదాకా వేడిని వదులుతూనే ఉంటాయి. ఆ వేడి గాలి పైకి లేస్తున్నంతసేపు గ్రహాల బింబం ఉడుకుతున్నట్టు కదులుతుంది. డాబా కన్నా గడ్డి మైదానం మేలు, సాయంత్రం కన్నా అర్ధరాత్రి తర్వాత మేలు. రెండో షిఫ్టు దిగి వచ్చేవారికి ఈ వేళ అందుబాటులోనే ఉంటుంది. కాజీపేట–బల్లార్షా రైలు మార్గానికి దగ్గరగా టెలిస్కోపు పెడితే, బొగ్గు రైళ్లు వెళ్లేటప్పుడు నేల అదురుకు ఎక్కువ వృద్ధీకరణలో బింబం వణుకుతుంది.

3.4 రుతువులు

జూన్ రెండో వారం నుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనాల మబ్బులు పరిశీలనను దాదాపు ఆపేస్తాయి. ఆగస్టులో వచ్చే పెర్సీడ్ ఉల్కలు అందువల్లే ఇక్కడ తక్కువగా దక్కుతాయి. అక్టోబరు నుంచి మే వరకు అనువైన కాలం. డిసెంబరు 13, 14 తేదీల జెమినిడ్ ఉల్కాపాతం ఏడాది మొత్తంలో బలమైన వాటిలో ఒకటి, ఆకాశమూ అప్పటికి తేటగా ఉంటుంది. చలికాలంలో గోదావరి, జలాశయాల దగ్గర మంచు కురిసి కటకాలు చెమ్మగిల్లుతాయి.

4. పరికరాలు

4.1 బైనాక్యులర్లు

7×50, 10×50 రకాలు కొత్తవారికి సరిపోతాయి. మొదటి అంకె వృద్ధీకరణ, రెండోది ముందు కటకం వ్యాసం మిల్లీమీటర్లలో. కృత్తిక గుచ్ఛం, చంద్రుడి మీది పెద్ద బిలాలు, గురుడి ఉపగ్రహాలు వీటితో కనబడతాయి.

4.2 టెలిస్కోపుల రకాలు

వక్రీభవన టెలిస్కోపు: ముందు కటకం వెలుగును కూడగడుతుంది. గెలీలియో 1609లో ఆకాశం వైపు తిప్పింది ఈ రకాన్నే. నిర్వహణ సులువు. పెద్ద వ్యాసంలో ఖరీదు ఎక్కువ.

పరావర్తన టెలిస్కోపు: పుటాకార అద్దం వెలుగును కూడగడుతుంది. 1668లో న్యూటన్ చేశాడు. తక్కువ ఖర్చుకు ఎక్కువ వ్యాసం దొరుకుతుంది. అద్దాల అమరికను అప్పుడప్పుడు సరిచేసుకోవాలి.

కటకం, అద్దం కలిసినవి: గొట్టం పొట్టిగా, మోసుకెళ్లడానికి అనువుగా ఉంటుంది.

డాబ్సోనియన్: పరావర్తన టెలిస్కోపును తేలికైన చెక్క పెట్టె మీద నిలిపిన రూపం. 1968లో శాన్‌ఫ్రాన్సిస్కో వీధుల్లో జనానికి ఆకాశం చూపించడం మొదలుపెట్టిన జాన్ డాబ్సన్ దీన్ని ప్రచారంలోకి తెచ్చాడు.

4.3 శక్తిని నిర్ణయించేవి

టెలిస్కోపు సామర్థ్యాన్ని తేల్చేది దాని వ్యాసం. కూడే వెలుగు వ్యాసం వర్గంతో పాటు పెరుగుతుంది. చీకట్లో 7 మిల్లీమీటర్లకు విప్పారిన కంటిపాపతో పోలిస్తే 150 మిల్లీమీటర్ల అద్దం సుమారు 460 రెట్ల వెలుగు పట్టుకుంటుంది. దగ్గర దగ్గరగా ఉన్న రెండు చుక్కలను విడదీసి చూపే శక్తి కూడా వ్యాసంతోనే పెరుగుతుంది. 100 మిల్లీమీటర్లకు అది సుమారు 1.2 ఆర్క్ సెకన్లు, 150కి 0.8.

వృద్ధీకరణ అంటే ప్రధాన కటకం లేదా అద్దం నాభ్యంతరాన్ని ఐపీస్ నాభ్యంతరంతో భాగిస్తే వచ్చేది. 1,200 మిల్లీమీటర్ల టెలిస్కోపులో 25 మిల్లీమీటర్ల ఐపీస్ 48 రెట్లు, 10 మిల్లీమీటర్లది 120 రెట్లు ఇస్తాయి. వ్యాసంలో ఒక్కో మిల్లీమీటరుకు రెండు రెట్లు దాటితే బింబం పెద్దదవుతుంది గాని వివరం పెరగదు. చిన్న టెలిస్కోపుల పెట్టెల మీద వందల రెట్లని రాసే అంకెలకు అందుకే అర్థం తక్కువ.

4.4 ఆధారం: తక్కువ అక్షాంశపు ఇబ్బందులు

భూభ్రమణానికి అనుగుణంగా చుక్కలను వెంటాడే ఈక్వటోరియల్ ఆధారం అక్షాన్ని ఊరి అక్షాంశానికి సమానమైన కోణంలో వంచాలి. గోదావరిఖనిలో అది 19 డిగ్రీలే. ఇంత వాలులో బరువును సమతూకం చేసే కడ్డీ కొన్ని ఆధారాల్లో ముక్కాలి కాలికి తగులుతుంది. కాళ్ల దిశలు, పొడవులు సవరించి దీన్ని తప్పిస్తారు. ధ్రువ నక్షత్రం దిగంతపు ధూళిలోనో చెట్ల వెనకో మరుగైతే, దిక్సూచితో సుమారు దిశ పెట్టి, ఐపీస్‌లో ఒక నక్షత్రం ఎటు జారుతోందో చూస్తూ అక్షాన్ని సరిదిద్దుతారు. ఇనుప స్తంభాలు, షెడ్ల దగ్గర దిక్సూచి తప్పు చూపుతుంది.

4.5 సొంత తయారీ

రెండు మందపాటి గాజు బిళ్లల మధ్య కార్బోరండం పొడి, నీళ్లు వేసి ఒకదానిపై ఒకటి రుద్దితే కింది బిళ్ల కుంభాకారంగా, పై బిళ్ల పుటాకారంగా మారతాయి. పొడి సైజు తగ్గిస్తూ నునుపు చేసి, కీలు పరిచిన బిళ్ల మీద సీరియం ఆక్సైడుతో మెరుగు పెడతారు. వక్రత సరిగ్గా వచ్చిందో లేదో ఫూకో పరీక్షతో చూసి, చివరికి అల్యూమినియం పూత వేయిస్తారు. పుణేలోని ఐయూకా సంస్థ ఇలాంటి తయారీ శిబిరాలు నడిపింది.

4.6 ధూళి నుంచి రక్షణ

బొగ్గు ప్రాంతపు ధూళిలో సిలికా వంటి గట్టి రేణువులు ఉంటాయి. అద్దాన్ని, కటకాన్ని గుడ్డతో తుడిస్తే పూత మీద గీతలు పడతాయి. రబ్బరు బుడ్డితో గాలి ఊది దులపడం, అవసరమైతే అద్దాన్ని బయటికి తీసి డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి ఆరబెట్టడం సురక్షితం. కొద్దిపాటి ధూళి బింబాన్ని పెద్దగా పాడుచేయదు. పదే పదే తుడవడం వల్ల కలిగే నష్టమే ఎక్కువ.

5. పరిశీలన విధానం

వెలుతురు నుంచి చీకట్లోకి వచ్చాక కన్ను పూర్తిగా అలవాటుపడడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. ఒక్కసారి ఫోను తెర చూస్తే మళ్లీ మొదటికి వస్తుంది. మసక ఎర్ర దీపం ఈ అలవాటును పెద్దగా చెడగొట్టదు. మసక వస్తువును సూటిగా కాకుండా కాస్త పక్కకు చూస్తే మెరుగ్గా కనబడుతుంది. మసక వెలుగును పట్టే కణాలు కంటి రెటీనాలో నడిమధ్యన కాక చుట్టూ ఎక్కువగా ఉండడం దీనికి కారణం.

టెలిస్కోపును పరిశీలనకు అరగంట ముందే బయట పెట్టి చుట్టూ ఉన్న గాలి వేడికి సర్దుకోనివ్వాలి. తక్కువ వృద్ధీకరణతో వస్తువును వెతికి పట్టుకుని తర్వాత పెంచాలి. ఆకాశ పటాలకు స్టెల్లేరియం వంటి ఉచిత ప్రోగ్రాములు ఉపయోగపడతాయి.

6. పరిశీలన రకాలు

చంద్రుడు: పౌర్ణమి నాడు నీడలు లేక బిలాలు చదునుగా కనబడతాయి. సప్తమి, అష్టమి తిథుల్లో వెలుగు నీడల సరిహద్దు వెంట బిలాల అంచులు, కొండలు స్పష్టమవుతాయి. దీపాల ఊళ్లో కూడా నష్టం లేని వస్తువు ఇదే.

గ్రహాలు: గురుడి నాలుగు పెద్ద ఉపగ్రహాల స్థానాలు గంటల్లో మారతాయి. శని వలయాలు 2025 మార్చిలో భూమికి అంచు వైపు తిరిగి దాదాపు మాయమయ్యాయి. ఆ తర్వాత ఏడాదికేడాది కొద్దికొద్దిగా మళ్లీ విచ్చుకుంటాయి. 2020 డిసెంబరు 21న గురు, శనులు ఆరు ఆర్క్ నిమిషాల దూరంలోకి వచ్చి ఒకే ఐపీస్‌లో కనిపించాయి.

జంట నక్షత్రాలు: సప్తర్షుల్లో వశిష్ఠ, అరుంధతులు కంటికే రెండుగా కనబడతాయి. టెలిస్కోపులో వశిష్ఠుడే 14 ఆర్క్ సెకన్ల దూరంలోని రెండు చుక్కలుగా విడిపోతాడు.

చర నక్షత్రాలు: ఆర్ద్ర 2019–20 చలికాలంలో అసాధారణంగా మసకబారి 2020 ఫిబ్రవరిలో 1.6 మాగ్నిట్యూడ్ (వెలుగు కొలత; అంకె పెరిగేకొద్దీ చుక్క మసక) దాకా పడిపోయింది. ఈ మార్పును కంటితోనే లెక్కగట్టవచ్చు. రోహిణి మాగ్నిట్యూడ్ 0.9, ఓరియన్ మండలంలోని బెలాట్రిక్స్‌ది 1.6. తేడా 0.7. ఆర్ద్ర వెలుగు ఈ రెంటి మధ్య, రోహిణి నుంచి అయిదింట రెండు వంతుల దూరంలో ఉందనిపిస్తే, అంచనా 1.2. ధూళి ఉన్న చోట దిగంతానికి దగ్గరగా ఉన్న చుక్క మరింత మసకగా కనబడుతుంది కాబట్టి, పోల్చే చుక్కలు ఇంచుమించు ఒకే ఎత్తులో ఉండాలి.

మసక వస్తువులు: ఓరియన్ నెబ్యులా, ఆండ్రోమెడా గెలాక్సీ, ఒమెగా సెంటారీ వంటివి. పట్టణ దీపాలకు దూరంగా, చంద్రుడు లేని రాత్రుల్లో చూడాలి.

7. నమోదు, అనుభవాలు పంచుకోవడం

పరిశీలన ఇంకొకరికి పనికిరావాలంటే తేదీ, భారత కాలమానంలోనో విశ్వ కాలమానంలోనో సమయం, స్థలం, పరికరం వ్యాసం, వృద్ధీకరణ, ఆకాశ పరిస్థితి, చూసిన వస్తువు, చూసినదాని వివరణ ఉండాలి. గాలి నిలకడను ఒకటి నుంచి అయిదు మెట్ల ఆంటోనియాడి కొలమానంతో సూచిస్తారు. తేదీ, సమయం, స్థలం తర్వాత వచ్చే భాగానికి ఒక నమూనా: “గురుడు. 150 మి.మీ. పరావర్తన టెలిస్కోపు, 120 రెట్లు. గాలి నిలకడ 3. రెండు ముదురు పట్టీలు స్పష్టం, ఉత్తరపు పట్టీ అంచు గరుకు. ఉపగ్రహాలు తూర్పున మూడు, పడమట ఒకటి. ధూళి వల్ల దిగంతం మసక.” బాగా కనబడిందని మాత్రమే రాస్తే మరొకరు పోల్చి చూడలేరు. కనబడలేదన్న నమోదుకూ విలువ ఉంది.

అనుభవాలు పంచుకోవడానికి ఆకాశ దర్శన కార్యక్రమాలు ప్రధాన వేదిక. బడి మైదానంలో ఒక టెలిస్కోపు పెట్టి వరుసగా చూపించడం, తెలిసినవారు కొత్తవారికి చుక్కల దారులు చెప్పడం, పరికరాల లోపాలను ఒకచోట కూర్చుని సరిచేసుకోవడం వీటిలో సాగుతాయి. 1944లో పుణేలో మొదలైన జ్యోతిర్విద్యా పరిసంస్థ దేశంలో పాత ఔత్సాహిక సంఘాల్లో ఒకటి.

నమోదులను స్వీకరించే ప్రపంచ సంస్థలూ ఉన్నాయి. చర నక్షత్రాలకు 1911లో ఏర్పడిన అమెరికన్ వేరియబుల్ స్టార్ అబ్జర్వర్ల సంఘం, ఉల్కలకు 1988లో ఏర్పడిన అంతర్జాతీయ ఉల్కా సంస్థ ముఖ్యమైనవి. గ్లోబ్ ఎట్ నైట్ కార్యక్రమంలో ఎవరైనా ఒక నక్షత్ర మండలంలో కనబడే అతి మసక చుక్కను బట్టి తమ ఊరి కాంతి కాలుష్యాన్ని నమోదు చేయవచ్చు. దీనికి టెలిస్కోపు అక్కర్లేదు. ఏటా అవే చోట్ల చేస్తే పారిశ్రామిక ప్రాంతంలో దీపాలు పెరిగిన తీరు తెలుస్తుంది.

8. భద్రత: సూర్యుడు, గ్రహణాలు

వడపోత లేని టెలిస్కోపుతో సూర్యుడిని చూస్తే చూపు శాశ్వతంగా పోవచ్చు. వడపోతను టెలిస్కోపు ముందు భాగానికే బిగించాలి. ఐపీస్‌కు తగిలించే రకం వేడికి పగిలిపోయే ప్రమాదముంది. కంటితో చూసేందుకు ధ్రువీకరించిన గ్రహణపు కళ్లద్దాలు లేదా 14వ నంబరు వెల్డింగ్ అద్దం వాడాలి. వర్క్‌షాపుల్లో మామూలుగా వాడే తక్కువ నంబరు వెల్డింగ్ అద్దాలు చాలవు. మసి పూసిన గాజు, ఎక్స్‌రే ఫిల్ము, పళ్లెంలోని పసుపు నీళ్లలో ప్రతిబింబం సురక్షితం కావు. సన్నటి రంధ్రం గుండా గోడ మీద పడే బింబాన్ని చూడడం అందరికీ క్షేమం.

గ్రహణ వేళ పళ్లెంలో రోకలి నిలబడుతుందన్న నమ్మకం తెలుగు ఊళ్లలో ఉంది. అడుగు చదునుగా ఉన్న రోకలిని మామూలు రోజుల్లోనూ నిలబెట్టవచ్చు. సంపూర్ణ చంద్రగ్రహణం, ఉదాహరణకు 2025 సెప్టెంబరు 7 నాటిది, ఏ వడపోతా లేకుండా చూడదగినది. (చూ. గ్రహణాలు: నమ్మకాలు)

9. ప్రాముఖ్యం, పరిమితులు

ఔత్సాహిక పరిశీలన శాస్త్రానికి దీర్ఘకాలపు సమాచారాన్ని, విద్యార్థులకు కొలత, నమోదు, పోలికల అభ్యాసాన్ని ఇస్తుంది. జగ్గారావు, జాఫర్ జంగ్‌ల సొంత ప్రయత్నాలు అబ్జర్వేటరీలుగా నిలిచాయి. బప్పు విద్యార్థి దశ పరిశీలనలు వృత్తి జీవితానికి దారితీశాయి.

పరిమితులూ ఉన్నాయి. మంచి టెలిస్కోపు ఖరీదు, తెలుగులో పరిశీలన కరదీపికల కొరత, పెరుగుతున్న దీపాలు, ఏడాదిలో నాలుగు నెలల మబ్బులు ప్రధానమైనవి. గనుల భద్రతకు దీపాలు తప్పనిసరి కాబట్టి పారిశ్రామిక ప్రాంతంలో పూర్తి చీకటి ఆశించలేరు. వెలుగు కిందికే పడేలా మూతలున్న దీపాలు వాడితే పని జరిగే చోట వెలుతురు తగ్గకుండానే ఆకాశంలోకి వృథాగా పోయేది తగ్గుతుంది. అందాకా గోదావరిఖని వంటి ఊళ్లలో చంద్రుడు, గ్రహాలు, జంట నక్షత్రాలు, చర నక్షత్రాలు కాలనీలోంచే చూడదగినవి. గెలాక్సీలు, నెబ్యులాలు పట్టణం దాటి వెళ్లి చూడాల్సినవి.

10. సంబంధిత శీర్షికలు

కాంతి కాలుష్యం, కార్తెలు, గోండుల ఆకాశ జ్ఞానం, చర నక్షత్రాలు, జగ్గారావు అబ్జర్వేటరీ, జన విజ్ఞాన వేదిక, టెలిస్కోపు, నిజామియా అబ్జర్వేటరీ, నీడలేని రోజు, బప్పు, వేణు, రామగుండం, సింగరేణి కాలరీస్.